నాలుగు ట్రాకులు చాలు

కోటవురట్లలో మా స్టూడియో అంటే రెండు టేప్‌రికార్డర్లు. ఒకటి మాది, రెండోది పక్కింటి బాబాయిది. అప్పటికి మాది విశాఖ జిల్లా. ఒక్కో వాయిద్యాన్నీ విడి ట్రాకులో రికార్డు చేసే 'మల్టీట్రాక్' అనే మాట మా దాకా రాలేదు. బాబాయి డోలక్ దరువు ఒకదాంట్లో రికార్డు చేసేవాళ్లం. దాన్ని ప్లే చేస్తూ పక్కనే హార్మోనియం వాయిస్తే రెండోది రెంటినీ పట్టేది. క్యాసెట్లు మార్చి, ఆ రెంటి మీదా పాట. మూడో కాపీకల్లా టేపు సుయ్‌మనే చప్పుడు డోలక్‌తో పోటీపడేది. బ్యాటరీలు నీరసిస్తే శ్రుతే మారిపోయేది.

అక్కడే ఒక కిటుకు పట్టుబడింది. ముందు రికార్డు చేసిందే ఎక్కువసార్లు కాపీ అవుతుంది, ఎక్కువ అరుగుతుంది. అందుకే దరువు ముందు, గొంతు చివర. మీరూ ఏ పని మొదలుపెట్టినా, అందులో ఏది కాస్త అరిగినా ఫరవాలేదో ముందే తేల్చుకోండి.

మేం పడ్డ ఈ పాట్లన్నీ ఒకే పెట్టెలోకి తెచ్చింది జపాన్ కంపెనీ టియాక్. 1979లో వచ్చిన 'పోర్టాస్టూడియో 144'లో వేసేది మామూలు క్యాసెట్టే. చెరోవైపు రెండు చొప్పున ఉండే నాలుగు ట్రాకుల్నీ ఒకే దిశలో వాడుకుని, టేపును రెట్టింపు వేగంతో తిప్పుతుంది. అరవై నిమిషాల క్యాసెట్ పావుగంటకే అయిపోతుంది. ఐదో వాయిద్యం కావాలా? మూడు ట్రాకుల్ని కలిపి నాలుగోదాంట్లోకి దించి, ఆ మూడింటి మీదా కొత్తవి రికార్డు చేయాలి. ఆ తర్వాత డోలక్ ఎక్కువైందని ఏడ్చినా లాభం లేదు. కాబట్టి కలపక ముందే చెవులు రిక్కించి వినేవారు.

ఇప్పుడు ఫోన్లో ట్రాకులకు కరువు లేదు. పాట మాత్రం పూర్తవదు! మా మేనల్లుడు ఒకే పల్లవి ముప్ఫైసార్లు పాడి, "ఇంకోపాలి పాడతాను మావయ్యా" అంటాడు. షరతు పెట్టాను: నాలుగే ట్రాకులు, ఒక్కోదానికి మూడే ప్రయత్నాలు, ఒకటి ఉంచుకుని రెండు అక్కడికక్కడే డిలీట్. ఉద్యోగ దరఖాస్తును పదోసారి దిద్దుతున్నవాళ్లు కూడా ఈ షరతు పెట్టుకుని చూడండి.

మంచి మైకు కొన్నాక మొదలుపెడతానంటారా? 1982 జనవరిలో అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని ఇంట్లో ఈ పోర్టాస్టూడియో మీదే పాటలు పాడుకున్నాడు, బ్యాండుకు నమూనాగా వినిపిద్దామని. ఆ క్యాసెట్టును పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగాడు. తర్వాత స్టూడియోలో బ్యాండుతో ఎంత ప్రయత్నించినా ఆ కళ రాలేదు. చివరికి చాలావరకు ఆ క్యాసెట్ పాటలతోనే సెప్టెంబరులో 'నెబ్రాస్కా' ఆల్బమ్ వచ్చింది. అలాగని అపశ్రుతి పాడేసి 'సహజత్వం' అనకండి. తప్పు తప్పే.

మొన్న ఆదివారం మావాడు ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ పాడాడు. రెండో చరణంలో సరిగ్గా నర్సీపట్నం బస్సు హారన్ పడింది.

"మళ్లీ పాడనా మావయ్యా?"

"ఎన్నోది?"

"మూడోది."

ఫ్యాన్ వేశాను.