పాత మంద దొడ్డి మీద జాలి చెట్లే ఎందుకు లేస్తాయి?

ఈ వారం పాఠం కొంచెం దూరం పోయి వస్తుంది. ఓపికగా చదవండి, చివరికి మన మల్బరీ తోటలోకే దిగుతాం.

చింతామణి వైపు అన్న ఒకరు గ్రూపులో ఫోటో పెట్టి అడిగారు: "మా గోమాళంలో అంతా గడ్డే. మా తాత కాలంలో గొర్రెల దొడ్డి ఉన్న ఒక్కచోట మాత్రం జాలి గుంపుగా లేచింది. నేల అదే, వాన అదే. ఎందుకిలా?" గొర్రెలు కాయలు తిని పెంటికల్లో విత్తనాలు వదిలాయని చాలామంది జవాబిచ్చారు. నిజమే. కానీ గొర్రెలు గోమాళమంతా తిరుగుతాయి కదా, విత్తనం అంతటా పడుతుంది. దొడ్డి జాగాలోనే ఎందుకు నిలిచింది?

గడ్డి పరుచుకుని మధ్యమధ్య చెట్లుండే నేలని సవన్నా అంటారు. మన దక్కను బీళ్లలో చాలా భాగం ఈ రకమే. వాటిని పాడైపోయిన అడవి అనుకోవడం పాత పొరపాటు. ఇలాంటి నేలల్లో చెట్టు ఎంతవరకు పెరగగలదో మొదట వాన తేలుస్తుంది. ఆఫ్రికాలో 854 చోట్ల లెక్కలు కలిపి 2005లో ఒక పరిశోధన వచ్చింది. ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన ఉన్నచోట చెట్ల విస్తీర్ణానికి పైహద్దు పెట్టేది వానే అని అందులో తేలింది. అంతకు మించి వాన ఉంటే చెట్లు నేలంతా కమ్మేయగలవు, అయినా చాలాచోట్ల కమ్మడం లేదు. అక్కడ మంట, మేత, నేలసారం అడ్డు పడుతుంటాయి. మన కోలారు, చిక్కబళ్ళాపురం వానలు కూడా ఈ గీతకు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి ఈ కథ మనకు పరాయిది కాదు.

మంట, మేత అందరికీ తెలిసినవే. నేలసారం సంగతే తిరకాసు.

దక్షిణాఫ్రికాలో లింపోపో ప్రాంతంలో నిల్స్‌వ్లే అనే చోటుంది. ఇసుక నేల, సారం తక్కువ. వెడల్పు ఆకుల బర్కియా చెట్లు అక్కడ ఎక్కువ. వాటి మధ్యలో అక్కడక్కడా ముక్కలు ముక్కలుగా సన్న ఆకుల ముళ్ల తుమ్మలు కనిపిస్తాయి. ఆ ముక్కల్లో మట్టిని పరీక్షిస్తే భాస్వరం చుట్టుపక్కల కంటే బాగా ఎక్కువ. కారణం వెతుక్కుంటూ పోతే, అవి ఒకప్పుడు త్స్వానా ప్రజలు ఊళ్లు కట్టుకుని పశువుల్ని కట్టేసిన జాగాలని తేలింది. మనుషులు వెళ్లిపోయి వందల ఏళ్లయింది, పేడ సారం మాత్రం ఇంకా మట్టిలోనే ఉంది. అక్కడి మేత రుచిగా ఉండడంతో జింకలు వచ్చి మేస్తాయి, పెంటికలు వేస్తాయి, సారం మళ్లీ అక్కడికే చేరుతుంది. చింతామణి అన్న దొడ్డికి అన్నయ్య లాంటిది ఈ నిల్స్‌వ్లే!

పేడలో నత్రజని కూడా ఉంది కదా, భాస్వరమే ఎందుకు మిగిలింది? నత్రజని నిలకడ లేనిది. కొంత గాలిలోకి పోతుంది, కొంత వాననీటితో కిందికి దిగిపోతుంది. భాస్వరం మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. ఇప్పుడు తుమ్మ వైపు నుంచి చూడండి. తుమ్మ, జాలి రెండూ చిక్కుడు, కంది కుటుంబంవే. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని సొంతంగా తెచ్చుకోగలవు. ఆ పనికి మాత్రం భాస్వరం కావాలి. భాస్వరం దండిగా ఉండి నత్రజని కొరతగా ఉన్న నేల దొరికితే వాటికి పండగే. పక్కనున్న గడ్డి నత్రజని లేక బక్కచిక్కుతుంటే ఇవి పైకి లేస్తాయి.

మరి నేలలో నత్రజని పెరిగితే ఏమవుతుంది? చెట్టు ఇంకా బాగా లేస్తుందని మేమూ అనుకున్నాం. కాదు. దక్షిణాఫ్రికాలోనే కింబర్లీ దగ్గర బ్లాక్ థార్న్ అనే తుమ్మ జాతి విత్తనాలతో ప్రయోగం చేశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. నీళ్లు తరచుగా అందిన మళ్లలో మొక్కలు ఎక్కువ లేచాయి. నత్రజని వేసిన మళ్లలో తగ్గిపోయాయి. గడ్డి వేళ్లు పైపైనే దట్టంగా పరుచుకుని ఉంటాయి. వేసిన నత్రజనిని అవే ముందు లాగేసి ఏపుగా పెరిగి, నీడతో, దాహంతో పసిమొక్కని నొక్కేస్తాయి. పైగా గడ్డి పెరిగితే ఎండాకాలంలో మంటకు మేత పెరుగుతుంది. చిన్నచెట్టు నిప్పుకు అందనంత ఎత్తు, అంటే మనిషి కంటే పైకి, ఎదిగేదాకా ప్రతి మంటకూ మాడి మళ్లీ మొదటినుంచి మొలవాల్సిందే.

అదే చెట్టు ఒక్కసారి పెద్దదైతే లెక్క తిరగబడుతుంది. కెన్యాలోని సావో దగ్గర తుమ్మ, బావోబాబ్ చెట్ల కింద మట్టిని చూస్తే బయటి మట్టి కంటే సారం ఎక్కువ. రాలిన ఆకు, పిట్టల రెట్ట, నీడకొచ్చి పడుకున్న పశువుల పేడ అన్నీ అక్కడే చేరతాయి కదా.

ఇప్పుడు మన తోటకి వద్దాం. రెండేళ్ల కిందట మేము చేసిన తప్పు చెబుతాం. అర ఎకరంలో కొత్తగా వీ-1 మొక్కలు నాటాం. నెలన్నర తిరిగేసరికి గరిక, తుంగ మోకాలెత్తు లేచాయి. కూలీలు దొరకలేదు, "ముందు యూరియా వేసేస్తే మొక్క తేరుకుంటుంది, కలుపు తర్వాత తీద్దాం" అని చల్లేశాం. పది రోజుల్లో పచ్చగా నిగనిగలాడింది, కానీ అది గడ్డి! మూడోవంతు మొక్కలు చచ్చాయి. వంద గుడ్ల పంట వేసుకుందామని పెట్టుకున్న ఆశ ఏడాది వెనక్కి పోయింది. మేము చేసిందీ కింబర్లీ ప్రయోగమే, కాకపోతే మా ఖర్చుతో చేశాం.

ఇందులో ఒక తేడా మరిచిపోకండి. మల్బరీ తుమ్మ జాతిది కాదు, గాలి నత్రజనిని తెచ్చుకోలేదు. దానికి నత్రజని మనమే ఇవ్వాలి. నీటి వసతి ఉన్న వీ-1 తోటకు ఎకరాకు ఏడాదికి 140 కిలోల నత్రజని, 56 భాస్వరం, 56 పొటాష్, 8 టన్నుల పశువుల ఎరువు అని సిఫారసు ఉంది. అది నిలదొక్కుకున్న తోట లెక్క. కొత్త తోటలో మొక్క చుట్టూ రెండడుగుల మేర గడ్డి లేకుండా చేసి, ఎరువు ఆ గుండ్రంలోనే వేసి మట్టి కప్పండి. సాళ్ల మధ్య చల్లితే ఎవరికి పోతుందో చూశాం కదా.

ఇంకొక్క మాట, జాలి కాయలు తిన్న పశువుల పచ్చి పేడ తోటలో వేయొద్దు. అలా వేసిన చోట జాలి మొలకలు పీకుతూ కూర్చున్నాం. దిబ్బలో బాగా వేడెక్కి మాగనివ్వండి. పురుగుల పడక చెత్త కూడా అంతే, పెంపకం గదికి దూరంగా గుంతలో కుళ్లనిచ్చాకే తోటకు, లేకపోతే రోగం తిరిగి గదిలోకి వస్తుంది.

మీ గోమాళంలోనూ, బీడులోనూ ఇలా ఒకేచోట జాలి గుంపు ఉంటే, అక్కడ పూర్వం ఏముండేదో మీ ఊరి పెద్దల్ని అడిగి ఫోటోతో పంపండి. దొడ్డి జాగా మట్టి ఒక పొట్లం, పక్క గడ్డి నేల మట్టి ఒక పొట్లం విడివిడిగా తెస్తే, వచ్చే నెల మట్టి పరీక్షకు మావాటితో కలిపి పంపుతాం.