చిగుళ్ల శోథము – దేహారోగ్యము

ఒకనాటి యుదయమున బోర్డింగు కుళాయియొద్ద ఒక విద్యార్థి నోరు పుక్కిలించి యుమియగా నీరు ఎఱ్ఱగా కనబడెను. మేము కారణ మడుగగా, “మాష్టరుగారూ, పండ్లు తోముకొన్నప్పుడెల్ల రక్తము వచ్చుచున్నది. నొప్పి మాత్రము లేదు. అందువలన నాలుగు దినములనుండి తోముట మానితిని” అని బదులు చెప్పెను. ఈ మాటలలో రెండు పొరపాట్లు గలవు. వానిని దిద్దుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట శోథమన నేమో తెలిసికొందము. కాలిలో ముల్లు విఱిగినచో నా చోటు ఎఱ్ఱబారి, వాచి, వేడియెక్కి, నొప్పిపెట్టును. ఈ నాలుగు లక్షణములను క్రీస్తుశకము మొదటి శతాబ్దముననే సెల్సస్ అను రోమను గ్రంథకర్త వ్రాసియుంచెను. ఇది దేహము తన్ను తాను కాపాడుకొను నుపాయము. ఆ చోటికి రక్తము హెచ్చుగా ప్రవహించును. అందలి తెల్లకణములు సూక్ష్మజీవులతో పోరాడును. పని ముగియగానే మంట చల్లారును. శత్రువు తొలగనిచో నా పోరు మాసములు, సంవత్సరములు సాగును. ఇదియే దీర్ఘకాలిక శోథము. పొయ్యిలోని నిప్పు అన్నము వండును. చూరుకంటిన నిప్పు ఇల్లు కాల్చును.

పండ్ల మొదళ్ల నంటుకొను పాచి సూక్ష్మజీవులకు నివాసము. 1683లో హాలెండు దేశమందలి డెల్ఫ్టు పురవాసియగు లీవెన్‌హుక్ తన పండ్ల పాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కదలాడు జీవులనుగూర్చి లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. పాచి నిలిచినచో చిగురు ఉబ్బి రక్తమొలుకును. పాచి గట్టిపడి గారయగును. ఉపేక్షించినచో కొందఱిలో చిగురు పంటినుండి విడిపోయి, పంటిని బట్టియుంచు ఎముక క్షీణించి, తుదకు పుచ్చని పండ్లు సైతము కదలి యూడును. ఇందు చాలకాలము నొప్పి యుండకపోవచ్చును. కావున నొప్పి లేదని నిశ్చింతగా నుండుట మొదటి పొరపాటు.

రెండవది తోముట మానుట. 1965లో డెన్మార్కు దేశమున హెరాల్డ్ లోయెయు నాయన సహచరులును నొక పరీక్షను ప్రకటించిరి. ఆరోగ్యమైన చిగుళ్లుగల 12 మంది పండ్లు శుభ్రపఱచుకొనుట మానగా, 10 మొదలు 21 దినములలో నందఱి చిగుళ్లును శోథము నొందెను. మరల శుభ్రపఱచుకొనగా సుమారు వారము దినములలో నయమయ్యెను. కావున రక్తము “మానుము” అను నాజ్ఞ కాదు, “శుభ్రపఱచుము” అను హెచ్చరిక.

ఈ పోరు నోటితోనే ముగియదు. చిగుళ్లలోని సూక్ష్మజీవులును, శోథమున పుట్టు పదార్థములును రక్తమున ప్రవేశింపగలవు. మధుమేహము చిగుళ్ల జబ్బును హెచ్చించును. ముదిరిన చిగుళ్ల జబ్బు రక్తములోని చక్కెరను అదుపు తప్పించును. హృద్రోగము సైతము చిగుళ్ల జబ్బు గలవారిలో హెచ్చుగా కనబడుచున్నది. ఐనను రెండును కలిసియుండుట వేఱు, ఒకటి రెండవదానికి కారణమగుట వేఱు. 2012లో అమెరికా హృదయ సంఘము పరిశోధనలను సమీక్షించి, సంబంధము కలదనియు, కారణత్వము రుజువు కాలేదనియు తెలిపెను. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున కొందఱు వైద్యులు అనేక రోగములకు పండ్లే మూలమని తలచి లెక్కలేనన్ని పండ్లను వృథాగా పెఱికించిరి. తొందరపాటు తీర్పు ఎంత హానికరమో దీనివలన నేర్చుకొనవలెను.

విద్యార్థులారా! ఉదయమును, రాత్రి పరుండబోవునపుడును మెత్తని బ్రష్షుతో చిగురంచుల వెంబడి మృదువుగా తోముడు. ఇటుకపొడితో రుద్దకుడు. పొగాకు జోలికి పోకుడు. పొగత్రాగువారి చిగుళ్లలో రక్తస్రావము తగ్గి జబ్బు మఱుగుపడును. గార బ్రష్షుతో పోదు. రెండు వారములు శ్రద్ధగా తోమినను రక్తము నిలువనిచో దంతవైద్యుని జూడుడు.

ఆ విద్యార్థి యట్లే చేసెను. పది దినముల పిమ్మట అదే కుళాయియొద్ద మమ్ము బిలిచి, పుక్కిలించి యుమిసి, తెల్లని నీటిని చూపి నవ్వెను.