వృత్తంలో చతురస్రం: ముందు బొమ్మ గీయండి

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. వృత్తంలో చతురస్రం ఇచ్చిన లెక్కల్లో సమీకరణాలు రాస్తూనే టైమ్ అయిపోతోంది. ఏం చేయాలి సార్?

జవాబు: ఈ లెక్కల్లో భుజాల సమీకరణాలతో చాలాసార్లు పనే ఉండదు. చతురస్రం కర్ణమే వృత్తానికి వ్యాసం, రెండింటి కేంద్రమూ ఒకటే. ఈ రెండు విషయాలు పట్టుకోండి.

2019 జేఈఈ మెయిన్‌లో వచ్చిన లెక్క చూడండి. వృత్త సమీకరణంలో ఎక్స్ గుణకం −6, వై గుణకం 8, స్థిరపదం −103. అందులో అంతర్లిఖించిన చతురస్రం భుజాలు అక్షాలకు సమాంతరం. మూలబిందువుకు అతి దగ్గరి శీర్షం ఎంత దూరంలో ఉంది?

గుణకాలను సగం చేసి గుర్తు మార్చితే కేంద్రం (3, −4). వ్యాసార్ధం √(9+16+103), అంటే 8√2. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: 3కి 8√2 కలిపేస్తారు. కర్ణాలు అక్షాలకు సమాంతరమైతేనే అది సరి. ఇక్కడ సమాంతరంగా ఉన్నవి భుజాలు. కర్ణం 16√2 కాబట్టి భుజం 16, అందులో సగం 8. కేంద్రం నుంచి అటూ ఇటూ, పైకీ కిందికీ 8 చొప్పున జరిగితే శీర్షాలు (11, 4), (11, −12), (−5, 4), (−5, −12). దగ్గరిది (−5, 4), దూరం √41.

ఇలాంటి లెక్క కనిపిస్తే ముందు చిత్తు బొమ్మ గీసి, అక్షాలకు సమాంతరం భుజమా, కర్ణమా అన్నది తేల్చుకోండి.