కెమెరాలు పెడితే కాలనీ భద్రమేనా?

ప్రశ్న: మా కాలనీలో దొంగతనాలు పెరిగాయి. చందాలు వేసుకుని సీసీ కెమెరాలు పెట్టిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సరిపోదమ్మా. హైదరాబాద్ పోలీసుల ‘నేను సైతం’ పథకం కింద ఎన్నో కాలనీలు కెమెరాలు పెట్టుకున్నాయి. దొంగను పట్టుకోవడానికి అవి పనికొస్తాయి. దొంగతనం జరగకుండా ఆపడం వేరు. వెల్ష్, ఫారింగ్టన్ అనే నేరశాస్త్రజ్ఞుల 2009 నాటి సమీక్ష ప్రకారం, కెమెరాలు పెట్టిన పార్కింగ్ స్థలాల్లో నేరాలు దాదాపు సగం తగ్గాయి, ప్రభుత్వ గృహ సముదాయాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ పార్కింగ్ స్థలాల్లో చాలాచోట్ల మంచి వెలుతురు, కాపలా కూడా తోడయ్యాయి. అందుకే కాలనీ సంఘం, పోలీసులు, మున్సిపల్ సిబ్బంది నెలకోసారి కలిసి కూర్చుని వెలగని దీపాల నుంచి తాళం వేసిన ఇళ్ల దాకా చర్చించాలి.

భద్రత పోలీసుల బాధ్యతే కదా అంటారు. నిజమే, కానీ పక్కింట్లో అలికిడి ముందు వినిపించేది ఇరుగుపొరుగుకే. అలాగని కూలీలనూ తోపుడుబండ్లవారినీ నిలదీయడం కాపలా కాదు. అనుమానం వస్తే 112కు ఫోన్ చేయండి.