స్వే బార్ ముందుకే, రివర్స్‌కి కాదు

అమెరికాలో సెలవులకి వెళ్ళేవాళ్ళు చాలామంది పికప్ ట్రక్కు వెనక ఓ చిన్న ఇల్లే తగిలించుకుని బయల్దేరతారు. అదే ట్రావెల్ ట్రైలర్. హైవే మీద పక్కగాలి కొట్టినా, సామాను బరువు వెనక్కి ఎక్కువైనా అది తోకలా అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊపునే ‘స్వే’ అంటారు. ఒక వేగం దాటితే ఇది తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడేలా సర్దుతారు, దానికి తోడు స్వే కంట్రోల్ బిగిస్తారు.

అందులో సాదా రకం ఫ్రిక్షన్ బార్. ఒకదాంట్లోంచి ఒకటి జారే ఇనప భాగాలు, మధ్యలో బ్రేక్ లైనింగ్ లాంటి ప్యాడ్. ట్రైలర్ పక్కకి తిరగాలంటే బార్ జారాలి. ఆ రాపిడే ఊపుని మింగేస్తుంది.

మరి రివర్స్‌లో? అక్కడ సమస్యే వేరు. హిచ్ నుంచి ట్రైలర్ ఇరుసుకి 6 మీటర్లు అనుకుందాం. ట్రక్కు తిన్నగా ముందుకెళ్తే, ప్రతి 6 మీటర్లకీ ట్రైలర్ వంకర సుమారు 2.7 రెట్లు తగ్గుతుంది. వెనక్కెళ్తే దాదాపు అంతే పెరుగుతుంది. మొదట 2 డిగ్రీలుంటే 6 మీటర్లకి 5, 12కి దాదాపు 15, 18కి 38 డిగ్రీలు దాటుతుంది! ఆపకపోతే మడతకత్తిలా మడుచుకుపోతుంది.

గమనించారా, ఈ లెక్కలో వేగం లేనే లేదు. ఇది ఊపు కాదు, జ్యామితి. డ్యాంపింగ్‌తో పోదు, స్టీరింగ్‌తోనే పోతుంది. పైగా మలుపు బిగిసేకొద్దీ బార్ జారే చోటు అయిపోయి వంగుతుంది, లేదా విరుగుతుంది. అందుకే రివర్స్‌కి ముందు ఫ్రిక్షన్ బార్ తీసేయమని తయారీదారులు చెబుతారు. ఈక్వల్-ఐ-జర్ లాంటి హిచ్‌లకి ఆ అవసరం లేదు, మాన్యువల్ చూడాలి.

ఇక పద్ధతి:

1. చదునైన చోట, ట్రక్కు తిన్నగా ఉండగా ఆపి, హ్యాండిల్ వదులు చేసి, క్లిప్పులు లాగి బార్ తీయండి.
2. స్టీరింగ్ కింది భాగం పట్టుకోండి. చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ వెనక భాగం అటే వెళ్తుంది.
3. మెల్లగా వెళ్ళండి. వంకర తగ్గదు గానీ, దిద్దుకునే టైమ్ దొరుకుతుంది.
4. చెయ్యి దాటుతోందనిపిస్తే ముందుకి లాగండి. అదే జ్యామితి ఇప్పుడు మన పక్షం!

మన ఊళ్ళలో రెండు చక్రాల ట్రాలీని ట్రాక్టర్‌తో సందులోకి తోసే డ్రైవర్ చేసేదీ ఇదే. ట్రాలీ పొట్టిది కాబట్టి వంకర ఇంకా త్వరగా పెరుగుతుంది, ఆయన పని ఇంకా కష్టం.

చివరిగా ఒక్కటి: తీసిన బార్ మళ్ళీ బిగించాకే హైవే ఎక్కాలి. రివర్స్‌లో బార్ మర్చిపోతే పోయేది బార్. హైవే మీద మర్చిపోతే పోయేది ప్రాణం కావచ్చు.