స్టీలు కంచం శుద్ధ పదార్థమేనా?

భిలాయి ఉక్కు నగరంలోని రిసాలిలో ఒక ఇంటి వంటగదిని ఊహించుకోండి. గట్టు మీద తళతళలాడే స్టీలు కంచం, ఫిల్టర్ నీళ్లు, ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, ‘శుద్ధమైన ఆవు నెయ్యి’ అని చీటీ అంటించిన సీసా ఉన్నాయి. రసాయన శాస్త్రం ప్రకారం వీటిలో శుద్ధ పదార్థం ఏది? చాలామంది నెయ్యి అంటారు, కొందరు నీళ్లు అంటారు. సరైన జవాబుకు బాగా దగ్గరగా ఉన్నది పంచదార.

తికమకంతా ‘శుద్ధం’ అనే మాటలోనే ఉంది. బజారులో శుద్ధం అంటే కల్తీ లేనిది. శాస్త్రంలో శుద్ధం అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే పదార్థం ఉన్నది. చుక్క కల్తీ లేని నెయ్యిలో కూడా రకరకాల కొవ్వులు కలిసి ఉంటాయి కాబట్టి అది మిశ్రమమే. మామూలు ఉప్పులో దాదాపు అంతా సోడియం క్లోరైడే అయినా, అయోడిన్ కోసం కలిపే లవణం, గడ్డ కట్టకుండా వేసే పొడి కూడా కొద్దిగా ఉంటాయి. పంచదార మాత్రం దాదాపు పూర్తిగా సుక్రోజ్.

నీళ్ల సంగతి మీరే తేల్చుకోవచ్చు. శుభ్రమైన కంచం మీద నాలుగు చుక్కల కుళాయి నీళ్లు వేసి ఆరనివ్వండి. తెల్లటి మచ్చ మిగిలితే అది నీటిలో కరిగి ఉన్న లవణాలది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఇదే చేస్తే అలాంటి మచ్చ కనిపించదు.

శుద్ధ పదార్థాలు రెండు రకాలు. ఒకే రకం పరమాణువులతో ఏర్పడినది మూలకం. ఇనుము, ఆక్సిజన్, కార్బన్ మూలకాలు. రెండు లేక అంతకంటే ఎక్కువ మూలకాలు ఒక నిర్ణీత నిష్పత్తిలో రసాయనికంగా కలిస్తే సంయోగ పదార్థం. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ బరువుల నిష్పత్తి ఎప్పుడూ 1:8. గోదావరి నీరైనా, శివనాథ్ నది నీరైనా ఈ లెక్క మారదు. మిశ్రమానికి ఇలాంటి కట్టుబాటు లేదు. పానకంలో బెల్లం ఒక చెంచా వేసినా పానకమే, నాలుగు వేసినా పానకమే.

ఈ పాఠానికి భిలాయిని మించిన ప్రయోగశాల దొరకదు. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దానికి ఖనిజం దల్లీ-రాజ్‌హరా గనుల నుంచి వచ్చేది. ఆ ఎర్ర రాయి ఒక మిశ్రమం. అందులో హెమటైట్‌తో పాటు ఇసుక, బంకమన్ను వంటివి ఉంటాయి. మట్టిని కడిగి చాలావరకు వదిలించవచ్చు, ఎందుకంటే అది కేవలం కలిసి ఉన్నదే. హెమటైట్ మాత్రం ఇనుము, ఆక్సిజన్ 7:3 నిష్పత్తిలో ఉన్న సంయోగ పదార్థం. అందులో ఇంత ఇనుము ఉన్నా మామూలు అయస్కాంతానికి దాదాపు అంటుకోదు. దాన్ని ఎంత కడిగినా, ఎంత మెత్తగా నూరినా ఇనుము విడిపోదు. ఆక్సిజన్‌ను లాగేయడానికి కోక్ కావాలి, కొలిమి వేడి కావాలి. బ్లాస్ట్ ఫర్నేస్ అంత పెద్దగా కట్టాల్సి రావడానికి కారణం ఈ తేడాయే.

మరి కొలిమి దాటి వచ్చిన ఉక్కు మూలకమా? కాదు. శుద్ధమైన ఇనుము కచ్చితంగా 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఉక్కుకు అలాంటి ఒక్క అంకె లేదు. ఒక ఉష్ణోగ్రత దగ్గర కరగడం మొదలై, ఇంకా పైన ఎక్కడో పూర్తవుతుంది. మిశ్రమాల లక్షణమిది. భిలాయిలో తయారయ్యే రైలు పట్టాల ఉక్కులో కార్బన్ సుమారు 0.6 నుంచి 0.8 శాతం. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో ఇది అర కిలోకు లోపే. రైలు బరువుకు పట్టా అరిగిపోకుండా కాపాడడంలో ఆ కాస్త కార్బన్‌ది పెద్ద పాత్ర.

పాఠ్యపుస్తకం మిశ్రలోహాలను సజాతీయ మిశ్రమాలు అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. నా దృష్టిలో ఇది కొంచెం తొందరపాటు. రైలు పట్టా ముక్కను నున్నగా చేసి, పలుచని ఆమ్లంతో తుడిచి మైక్రోస్కోప్ కింద పెడితే రెండు రకాల సన్నని పొరలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఒకటి మెత్తని ఇనుము. రెండోది సిమెంటైట్, అంటే మూడు ఇనుము పరమాణువులకు ఒక కార్బన్ పరమాణువు చొప్పున ఉన్న గట్టి సంయోగ పదార్థం. కంటికి ఒకే లోహంలా కనిపించేది నిజానికి ఒక మూలకం, ఒక సంయోగ పదార్థం పొరలు పొరలుగా ఉన్న మిశ్రమం! మన స్టీలు కంచం కథ వేరు. అందులో ఇనుముతో క్రోమియం, చాలా రకాల్లో నికెల్ కూడా కలుస్తాయి. కొన్ని కంచాలు అయస్కాంతానికి అంటుకోవు కూడా. అది చూసి అందులో ఇనుము లేదనుకోకండి.

ఈ వర్గీకరణ పరీక్ష మార్కులతో ముగిసేది కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే వాయువు ఒక మిశ్రమం. అందులో నైట్రోజన్ సుమారు సగం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్. ఈ రెండూ కార్బన్, ఆక్సిజన్‌లతో ఏర్పడిన సంయోగ పదార్థాలే. బరువు నిష్పత్తి మొదటిదానిలో 3:8, రెండోదానిలో 3:4. కార్బన్ డయాక్సైడ్ మనం వదిలే ఊపిరిలోనూ ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మిశ్రమంలో ఉన్నంత మాత్రాన దాని విషగుణం పోదు.

2014 జూన్ 12న భిలాయి ఉక్కు కర్మాగారంలో పంపుహౌస్ దగ్గర నీటి పీడనం పడిపోయింది. నీరు అడ్డుకోవాల్సిన వాయువు ఆ గొట్టాల ద్వారానే బయటికి వచ్చింది. ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

అందుకే ఇలాంటి చోట్ల పనిచేసేవాళ్లు చొక్కాకు చిన్న గ్యాస్ మీటరు తగిలించుకుంటారు. గాలి మొత్తంలో అది వెతికేది ఆ ఒక్క సంయోగ పదార్థాన్నే. మన ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 8 గంటల పనికి సగటు పరిమితి పది లక్షల పాళ్లలో 50గా ఉండేది. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో అది నూటికి 20 పాళ్లు అనుకున్నా, పది లక్షల్లో 2 లక్షలు.