బ్యాండ్‌సా: స్విచ్ నొక్కే ముందు, నొక్కాక

సర్క్యులర్ సా దగ్గర నిలబడితే దాని మోతకే చెయ్యి వెనక్కి వస్తుంది. బ్యాండ్‌సాతో ఆ భయం ఉండదు. బ్లేడు ఎప్పుడూ కిందికే దిగుతుంది కాబట్టి చెక్కను బల్లకేసి అదుముతుందే తప్ప మన మీదికి విసరదు. ఇంట్లో చెక్కపని మొదలుపెట్టే వాళ్లకు ముందు దీన్నే కొనుక్కోమని నేను చెప్పేది అందుకే. కాకపోతే ఆ నెమ్మదిని చూసి మోసపోకూడదు. పెద్ద మాంసం కొట్లలో ఎముకలు కోసే యంత్రం కూడా ఈ జాతిదే.

చేయవలసినవి

పని ఏదో తేల్చుకుని మిషన్ కొనండి. 14 అంగుళాల మిషన్ అంటే అది బ్లేడును తిప్పే చక్రం వ్యాసం. ఎంత ఎత్తు చెక్క పడుతుందనేది వేరే లెక్క, అది విడిగా అడగాలి. బొమ్మలకు, చిన్న పెట్టెలకు 9, 10 అంగుళాల బల్లమీది మిషన్ చాలు. టేకు దుంగ ముక్కను పలకలుగా చీల్చాలంటే 14 అంగుళాలది, కనీసం ఒక హార్స్‌పవర్ మోటారుతో కావాలి. రెండు చక్రాలకూ మూతలు లేని మిషన్ ఎంత చౌకగా వచ్చినా వద్దు.

రంగు, కంపెనీ చూసే ముందు స్విచ్ చూడండి. కోత సగంలో ఉండగా కరెంటు పోతుంది. చెక్క బ్లేడుకు పట్టేసి ఉంటుంది, దాన్ని వదిలిద్దామని వేళ్లు పెడతాం. అప్పుడే కరెంటు వస్తుంది. మామూలు స్విచ్ అయితే మిషన్ వెంటనే తిరగడం మొదలుపెడుతుంది. కరెంటు పోగానే తానే ఆఫ్ అయిపోయి, మళ్లీ నొక్కితే తప్ప కదలని మాగ్నెటిక్ స్విచ్ ఉన్నదే తీసుకోండి. లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ కూడా అప్పుడే వేయించుకుంటే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు గొడవ ఉండదు.

బ్లేడు మార్చేటప్పుడు ముందు ప్లగ్గు పీకి, కళ్లకు కనబడే చోట పెట్టండి. పళ్లు మన వైపు తిరిగి, కొనలు కిందికి చూడాలి. ఎలా తిప్పినా పైకే చూస్తున్నాయంటే బ్లేడు తిరగబడి ఉందన్నమాట. చొక్కా తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పాలి. ఈ పనికి చేతి తొడుగులు వేసుకోవచ్చు.

తరవాత వరస తప్పకూడదు. బ్లేడు పక్కకు ఊగకుండా చూసే గైడ్లన్నీ దూరం జరిపి బ్లేడు బిగించండి. పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ బ్లేడు చక్రం నడిమధ్య నడిచేలా సరిచేయండి. ఆ తరవాతే గైడ్లు. పక్క గైడ్లకూ బ్లేడుకూ మధ్య కాగితమంత సందు ఉండాలి. నేను పది రూపాయల నోటు దూర్చి, అది బిగుసుకోకుండా జారితే బిగిస్తాను. గైడ్ల ముందు అంచు పళ్ల మధ్య ఉండే గాళ్లకు వెనకే ఆగాలి, ముందుకొస్తే పళ్ల పదును పోతుంది. వెనకనుండే బేరింగు ఉత్తప్పుడు తిరగకూడదు, చెక్క ఆనించినప్పుడే తిరగాలి. చివరికి మూలమట్టం పెట్టి బల్ల చూసుకోండి. మూతలు వేసి, ప్లగ్గు పెట్టి, బ్లేడు వరసలో నిలబడకుండా పక్కకు జరిగి ఒక నిమిషం ఉత్తగా నడపండి.

ఎప్పుడూ కనీసం మూడు పళ్లు చెక్కలో ఉండేలా బ్లేడు ఎంచుకోండి. పావు అంగుళం బ్లేడు దాదాపు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా మలుపు తిరుగుతుంది; అర అంగుళందానికి 60 దాటాలి. మీరు బలవంతపెడితే తిరగదు, తెగుతుంది.

పై గార్డు చెక్కకు 6 మిల్లీమీటర్ల పైన ఆగాలి. చెక్క మారినప్పుడల్లా మార్చాలి. అందరూ బద్ధకించేది ఇక్కడే.

చేయకూడనివి

గుండ్రటి కర్రను ఉత్త చేతులతో పట్టి అడ్డంగా కోయకండి. మనవడికి బొంగరం చేద్దామని రెండంగుళాల వేప కొమ్మను అలాగే పెట్టాను. పళ్లు తగలగానే కొమ్మ గిర్రున దొర్లింది, బొటనవేలు కర్రకూ బల్లకూ మధ్య నలిగింది. గోరు నల్లబడి ఊడిపోవడానికి రెండు నెలలు పట్టింది; బ్లేడు అయితే ఆ క్షణంలోనే వంకర పోయింది. ఇప్పుడు ‘వి’ ఆకారపు గాడి చెక్కిన దిమ్మెలో కర్రను బిగించి, దిమ్మెతో సహా తోస్తాను.

బొటనవేలు బ్లేడుకు ఎదురుగా పెట్టి తోయకండి. ముడి ఉన్న చోట చెక్క మొండికేస్తుంది, మనం బలం పెంచుతాం, ముడి దాటగానే చెక్కతో పాటు చెయ్యి కూడా ముందుకు దూకుతుంది. కోత ముగిసే చివరి అంగుళాల్లోనూ అంతే. అక్కడ చెయ్యి కాదు, తోపుడు కర్ర.

లుంగీ, చున్నీ, గాజులు, ఉంగరం, వేలాడే తాయెత్తు ఏవీ వద్దు. మిషన్ తిరుగుతున్నప్పుడు చేతి తొడుగులు కూడా వద్దు.

పొడవాటి వంపు కోస్తూ మధ్యలో మనసు మార్చుకుని చెక్కను వెనక్కి లాగకండి, బ్లేడు చక్రాల మీంచి ఊడి వస్తుంది. మిషన్ ఆపి, బ్లేడు నిలిచాక మెల్లగా తీయండి. అసలు వంపు కోసే ముందే అక్కడక్కడ అడ్డకోతలు పెట్టుకుంటే తునకలు వాటంతటవే రాలిపోతాయి.

ఆఫ్ చేయగానే తునకలు ఏరకండి. మోటారు చప్పుడు ఆగాక కూడా చక్రాలు కాసేపు తిరుగుతాయి. సన్న పళ్ల బ్లేడు తిరుగుతున్నా నిలబడ్డట్టే కనిపిస్తుంది. చక్రం మీద సుద్దతో ఒక గీత గీసి, మూతకు చూసే సందు ఉంటే అందులోంచి ఆ గీత ఆగిందో లేదో చూడండి.

టిక్, టిక్ అని లయగా శబ్దం వస్తే ఇంకో అడుగు కోసి చూద్దాం అనుకోవద్దు. అతుకు దగ్గరో మరో చోటో బ్లేడుకు పగులు వచ్చి ఉండవచ్చు. ఆపి పక్కకు జరగండి, పూర్తిగా ఆగేదాకా మూత తీయవద్దు.

పాత ద్వారబంధాల టేకు దొరికితే సంతోషమే, కానీ అయస్కాంతం తిప్పి మేకులు చూడకుండా బల్ల ఎక్కించకండి. మాస్కు, కళ్లద్దాలు లేకుండా కోయకండి. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది.

పని అయ్యాక బ్లేడు బిగువు వదిలేయడం మంచి అలవాటే. అయితే మర్నాడు ఆ సంగతి మరిచిపోయి స్విచ్ నొక్కితే వదులు బ్లేడు జారి ఊడుతుంది. అందుకే నేను వదులు చేసిన రోజు స్విచ్ మీద ఒక బట్టల క్లిప్పు తగిలిస్తాను. బిగువు పెట్టాకే ఆ క్లిప్పు తీస్తాను.